గేమింగ్ గ్రూపుకు డిస్కార్డ్ సర్వర్: గదులు తక్కువ, తాళాలు గట్టివి

రాత్రి తొమ్మిదిన్నర. "రూమ్ ఐడీ పెట్టండ్రా" అని వాట్సాప్ గ్రూపులో ఒకడు అడుగుతాడు. ఆటగదిలోకి వెళ్లే ఐడీ, పాస్‌వర్డ్ పెట్టి అప్పటికే పది నిమిషాలైంది. దాని కింద ఐదారు మీమ్‌లు, రెండు వాయిస్ నోట్లు, ఎవరిదో పుట్టినరోజు కేకు ఫొటో, ఆ కేకుకు ఇరవై శుభాకాంక్షలు వచ్చి పడ్డాయి. పైకి జరుపుకుంటూ వెతికి పట్టుకునేసరికి మ్యాచ్ మొదలైపోతుంది. నలుగురితో మొదలైన బీజీఎంఐ (ఫోన్‌లో జట్టుగా ఆడే షూటింగ్ ఆట) స్క్వాడ్ నలభై మందయ్యాక దాదాపు ప్రతి గ్రూపూ ఈ అవస్థకు వస్తుంది.

వాట్సాప్ గ్రూపులో 1,024 మంది దాకా పడతారు, కాల్‌లో 32 మంది దాకా మాట్లాడుకోవచ్చు. చోటుకు కొరతేమీ లేదు. అన్ని మాటలూ ఒకే దారిలో నడవాల్సి రావడంతోనే చిక్కు. పైగా గ్రూపులో చేరిన ప్రతివాడికీ మిగతా అందరి ఫోన్ నంబర్లు కనిపిస్తాయి. ఆడపిల్లలు గేమింగ్ గ్రూపుల్లో చేరి రెండు రోజులకే వెళ్లిపోవడానికి ఇదొక్కటే చాలు. ఇక కాల్ సంగతి: ఎవరో ఒకరు చెయ్యాలి, మిగతావాళ్ల ఫోన్లు మోగాలి, ఎత్తాలి. ఆట ఆడేవాళ్లకు కావలసింది వీధి అరుగులాంటిది. ఒకడు వచ్చి కూర్చుంటాడు, అటుగా వెళ్లేవాళ్లు చూస్తారు, ఖాళీ ఉన్నవాళ్లు చేరతారు, ఎవరికీ ఫోన్ మోగదు. రాతలకూ మాటలకూ వేర్వేరు గదులు (ఛానెళ్లు) ఇచ్చే యాప్ డిస్కార్డ్. దానిలో వాయిస్ ఛానెల్, అంటే మాట్లాడుకునే గది, సరిగ్గా ఆ అరుగే.

అది యాదృచ్ఛికంగా కుదిరింది కాదు. జేసన్ సిట్రాన్, స్టానిస్లావ్ విష్నెవ్‌స్కీ 2015 మేలో డిస్కార్డ్‌ను విడుదల చేశారు. అంతకు ముందు ఏడాది వాళ్ల స్టూడియో ట్యాబ్లెట్ల కోసం 'ఫేట్స్ ఫరెవర్' అనే ఆట తెచ్చింది. ఆట పెద్దగా ఆడలేదు గానీ, ఆటగాళ్లు మాట్లాడుకునే పద్ధతి మీద పెట్టిన ఆలోచన మిగిలింది. అప్పటికి టీమ్‌స్పీక్, వెంట్రిలో, మంబుల్ ఉన్నాయి. ధ్వని బాగుండేది, కానీ ఎవరో ఒకరు సర్వర్ అద్దెకు తీసుకోవాలి, లేదా తమ కంప్యూటర్‌లో నడపాలి, చిరునామా, పోర్టు అంకె అందరికీ పంచాలి. స్కైప్‌లో ఆ బాధ లేదు గానీ, కాల్‌లో ఉన్నవాళ్ల ఐపీ చిరునామా ఇతరులు పట్టుకోగలిగేవాళ్లు. ఓడిపోయినవాడు కోపంతో గెలిచినవాడి ఇంటర్నెట్‌ను పడగొట్టడం అప్పట్లో మామూలే. డిస్కార్డ్‌లో మాట నేరుగా ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి వెళ్లదు, కంపెనీ సర్వర్ల మీదుగా వెళ్తుంది కాబట్టి ఆ దారి మూసుకుపోయింది.

డిస్కార్డ్‌లో సర్వర్ అంటే అద్దె యంత్రం కాదు, ఆ యాప్‌లో గ్రూపుకు దొరికే సొంత చోటు. దాన్ని తెరవడానికి ఐదు నిమిషాలు పట్టదు. అంత సులువు కావడమే చాలా సర్వర్లకు కీడు చేస్తోంది. తొలిరోజే ముప్పై ఛానెళ్లు, పదిహేను రోల్స్ (సభ్యులకిచ్చే హోదాలు), ఆరు బాట్‌లు (తమంతట తామే పనిచేసే ప్రోగ్రాములు), స్నేహితులందరికీ అడ్మిన్ హోదా. మూడు వారాల తర్వాత చూస్తే ముప్పై గదుల్లో ఇరవై ఎనిమిది ఖాళీ.

మొదటి అరగంటలో చేయాల్సినవి

మెనూలు తెలుగులో లేవు కాబట్టి బటన్ల పేర్లు ఇక్కడ ఇంగ్లిష్ మాటల్లోనే ఉంటాయి. అకౌంట్ తెరవాలంటే కనీసం 13 ఏళ్లు నిండాలి. సర్వర్ ఎవరి అకౌంట్‌తో తెరిస్తే ఓనర్ వాళ్లే. ఓనర్‌ను ఎవరూ తీసేయలేరు, సర్వర్‌ను చెరిపేయగలిగేది కూడా ఓనర్ ఒక్కరే. చెరిపేస్తే తిరిగి రాదు. అందువల్ల ఛానెళ్ల కంటే ముందు ఆ అకౌంట్‌కు కాపలా పెట్టాలి: ఈమెయిల్ ధ్రువీకరించాలి, అథెంటికేటర్ యాప్‌తో రెండంచెల లాగిన్ పెట్టాలి, అప్పుడిచ్చే బ్యాకప్ కోడ్లను కాగితం మీద రాసి దాచాలి. ఫోన్ గ్యాలరీలో స్క్రీన్‌షాట్‌గా ఉంచితే, ఫోన్ పోయిన రోజున కోడ్లూ దానితోనే పోతాయి.

తర్వాత ఎడమవైపు ప్లస్ గుర్తు నొక్కి 'క్రియేట్ మై ఓన్' ఎంచుకోవాలి. గేమింగ్ అని సిద్ధంగా ఉన్న నమూనా కూడా కనిపిస్తుంది, వాడినా నష్టం లేదు గానీ దానిలో వచ్చిన అదనపు గదులను వెంటనే తీసేయడం మేలు. ముప్పై నలభై మంది గ్రూపుకు మొదటి నెల చాలినంత ఇది: రాసుకోవడానికి మూడు ఛానెళ్లు — ప్రకటనలు, ముచ్చట్లు, క్లిప్పులు. మాట్లాడుకోవడానికి మూడు — లాబీ, స్క్వాడ్ ఒకటి, స్క్వాడ్ రెండు. ప్రకటనల్లో నిర్వాహకులు మాత్రమే రాయాలి. రూమ్ ఐడీ అక్కడే పడాలి, ఇంకెక్కడా పడకూడదు. మొదట చెప్పుకున్న కేకు ఫొటో సమస్య ఈ ఒక్క కట్టడితో తీరిపోతుంది.

ఛానెళ్ల పేర్లు తెలుగు లిపిలో పెట్టుకోవచ్చు, చక్కగా కనిపిస్తాయి. కాకపోతే సభ్యుల్లో అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో పెరిగిన పిల్లలుంటే, వాళ్లు తెలుగు మాట్లాడతారు గానీ చదవలేకపోవచ్చు. అలాంటి చోట పేరు పక్కన ఒక ఎమోజీ గుర్తు పెట్టడం తేలికైన ఉపాయం.

స్క్వాడ్ గదులకు సెట్టింగుల్లో 'యూజర్ లిమిట్' ఉంటుంది, 99 వరకు ఎంత అంకైనా పెట్టుకోవచ్చు. బీజీఎంఐకి 4, వాలరెంట్‌కు 5. అంకె నిండిన గదిలోకి కొత్తవాళ్లు రాలేరు. ఆట ముగింపుకొచ్చి చివరి సర్కిల్‌లో అడుగుల చప్పుడు వింటుండగా ఐదోవాడు దూకి "ఏం మామా, ఏం చేస్తున్నారు?" అనడం ఆగిపోతుంది. సభ్యులను గది మార్చే అధికారం ఉన్నవాళ్లకు మాత్రం ఈ హద్దు వర్తించదు. లాబీకి హద్దు పెట్టనక్కర్లేదు.

మరో రెండు మీటలు. ఒకటి, నోటిఫికేషన్లు: సర్వర్ సెట్టింగుల్లో 'ఓన్లీ మెన్షన్స్' (పేరు పెట్టి పిలిస్తేనే మోగేది) అని పెట్టాలి. ప్రతి మెసేజ్‌కూ ఫోన్ మోగితే కొత్తగా చేరినవాడు మొదటి రాత్రే సర్వర్‌ను మ్యూట్ చేస్తాడు, ఆ తర్వాత ముఖ్యమైన ప్రకటన కూడా వాడికి చేరదు. రెండు, ఏఎఫ్‌కే (ఆట వదిలి పక్కకెళ్లినవాళ్ల) ఛానెల్: మైక్ తెరిచి అన్నానికి వెళ్లినవాళ్లను 5 లేదా 15 నిమిషాల తర్వాత అదే పక్కకు నెడుతుంది. ఇంట్లో టీవీ సీరియల్ మాటలు స్క్వాడ్ అందరికీ వినిపించే బాధ తప్పుతుంది.

వాయిస్ ఎక్కడ చెడుతుంది

కొత్త సర్వర్‌లో వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ధ్వని గురించే. వాటిలో డిస్కార్డ్ తప్పు ఉండేది తక్కువ, ఫోన్ తప్పు ఎక్కువ.

అన్నిటికంటే తరచుగా వినిపించేది ఇదీ: లాబీలో ఉన్నంతసేపు మాట బాగానే వినిపిస్తుంది, ఆటలో విమానం ఎక్కగానే ఒకడి గొంతు మాయం. వాడికి మిగతా ముగ్గురూ వినిపిస్తూనే ఉంటారు, అందుకే తన గొంతు పోవడం లేదని వాడికి తెలియదు, "రైట్‌లో ఎనిమీ, రైట్‌లో ఎనిమీ" అని అరుస్తూనే ఉంటాడు. ఆండ్రాయిడ్‌లో రెండు యాప్‌లు ఒకేసారి మైక్ అడిగితే మామూలుగా ఎదుట తెరిచి ఉన్న యాప్‌కే మైక్ దక్కుతుంది, వెనక ఉన్నదానికి నిశ్శబ్దం అందుతుంది. ఆట తన సొంత మైక్‌ను తెరిచిన క్షణం డిస్కార్డ్ చెవిటిదైపోతుంది. ఆట సెట్టింగుల్లో మైక్ ఆపుకోవడం ఒక దారి, కానీ పొరపాటున వేలు తగిలితే మళ్లీ మొదటికొస్తుంది. ఫోన్ సెట్టింగుల్లోకి వెళ్లి ఆ ఆటకు మైక్రోఫోన్ అనుమతినే తీసేయడం గట్టి మందు. అప్పుడూ ఆటలోని ఇతరుల మాటలు వినిపిస్తాయి, మైక్ మాత్రం డిస్కార్డ్ దగ్గరే ఉంటుంది.

రెండోది బ్లూటూత్. వైర్‌లెస్ ఇయర్‌బడ్స్‌తో పాట వినేటప్పుడు నడిచే పద్ధతి వేరు, మైక్ తెరిచినప్పుడు నడిచే పద్ధతి వేరు. మైక్ తెరవగానే చాలా ఇయర్‌బడ్స్ ఫోన్ కాల్ పద్ధతికి మారిపోతాయి: ధ్వని బొంగురుపోతుంది, ఎడమ కుడి తేడా పోతుంది. షూటింగ్ ఆటలో ఎడమ కుడి తెలియకపోతే అడుగుల చప్పుడు విన్నా ప్రయోజనం లేదు. ఇయర్‌బడ్స్ ఎంత ఖరీదైనవన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. కొన్ని వందల రూపాయల వైర్ ఇయర్‌ఫోన్ ఈ పనికి నయం. జాక్ లేని ఫోన్లకు టైప్-సీ వైర్ ఇయర్‌ఫోన్లు దొరుకుతాయి.

మూడోది మన ఇళ్లలో తప్పనిది: నెత్తిన ఫ్యాన్, ఎండాకాలమైతే పక్కన కూలర్. డిస్కార్డ్‌లో క్రిస్ప్ అనే శబ్ద నిరోధకం ఉంటుంది, అది ఫ్యాన్ హోరును బాగానే మింగేస్తుంది. కానీ దానికి ప్రాసెసర్ ఖర్చవుతుంది. 4 జీబీ ర్యామ్ ఫోన్‌లో ఆటతోపాటు క్రిస్ప్ నడిస్తే ఫ్రేములు తగ్గే అవకాశం ఉంది. అప్పుడు 'స్టాండర్డ్'కు మార్చి, మైక్‌ను నోటికి దగ్గరగా పెట్టుకోవాలి. ఇయర్‌ఫోన్ లేకుండా స్పీకర్ మీద ఆడేవాడుంటే మాత్రం ఏ మీటా పనిచేయదు, అందరి మాటలూ వాడి మైక్‌లో దూరి తిరిగొస్తాయి. వాడికి ఇయర్‌ఫోన్ కొనివ్వడమే మార్గం.

కాల్ నాలుగైదు నిమిషాలకు దానంతట అదే తెగిపోతుంటే చూడాల్సింది బ్యాటరీ సెట్టింగులు. ఫోన్ కంపెనీలు బ్యాటరీ ఆదా పేరుతో వెనక నడిచే యాప్‌లను చంపేస్తుంటాయి. డిస్కార్డ్ యాప్ సమాచారంలో బ్యాటరీ దగ్గర 'అన్‌రిస్ట్రిక్టెడ్' పెట్టి, ఇటీవలి యాప్‌ల వరుసలో దాన్ని తాళం గుర్తుతో బిగించాలి. అప్పటికీ తెగుతుంటే ర్యామ్ చాలకపోతుండవచ్చు.

అసలు కలవనే కలవకుండా 'ఆర్‌టీసీ కనెక్టింగ్' దగ్గరో 'నో రూట్' దగ్గరో ఆగిపోతే అది నెట్‌వర్క్ గొడవ. వాయిస్ యూడీపీ అనే డేటా మార్గంలో ప్రయాణిస్తుంది. కాలేజీ హాస్టళ్లు, ఆఫీసుల వైఫైలు తరచుగా ఆ మార్గాన్ని మూసి ఉంచుతాయి, కొన్ని వీపీఎన్‌లు దాన్ని మోయవు. తేల్చుకోవడానికి ఒక చిన్న పరీక్ష చాలు: వైఫై ఆపి మొబైల్ డేటాతో చేరి చూడాలి. కలిస్తే లోపం వైఫైది, కలవకపోతే ఫోన్‌లో వీపీఎన్ ఏదైనా నడుస్తోందేమో చూడాలి. కంప్యూటర్‌లో అయితే వాయిస్ సెట్టింగుల్లో ప్యాకెట్లకు ప్రాధాన్యమిచ్చే 'క్వాలిటీ ఆఫ్ సర్వీస్' మీట ఒకటుంది, కొన్ని రౌటర్లకు అది గిట్టదు, ఆపి చూడవచ్చు.

డేటా లెక్క కూడా తెలిసుండాలి, రోజుకు ఒకటిన్నర జీబీ ప్యాక్‌తో ఆడేవాళ్లే ఎక్కువ. వాయిస్ ఛానెల్ మామూలుగా 64 కేబీపీఎస్ (సెకనుకు 64 కిలోబిట్లు) మీద నడుస్తుంది. గంటసేపు ఆపకుండా మాట్లాడితే ఒక గొంతుకు దాదాపు 29 ఎంబీ. ఒక్కొక్కరి గొంతూ విడివిడిగా అందుతుంది కాబట్టి నలుగురి గదిలో పైకి ఒకటి, కిందికి మూడు: గరిష్ఠంగా 116 ఎంబీ, పైన కాస్త రవాణా ఖర్చు. నలుగురూ ఒకేసారి గంటసేపు అరవరు, మౌనంగా ఉన్నప్పుడు డేటా దాదాపు నడవదు, కాబట్టి నిజంగా అయ్యేది ఇందులో సగం లోపే. సిగ్నల్ బలహీనంగా ఉన్న ఊళ్లలో సభ్యులుంటే ఒక స్క్వాడ్ గదిని 32 కేబీపీఎస్‌కు దించితే సరి, మాటకు అది చాలు. పైకి 96 దాకా ఉచితం. ఆ పైన 128 మొదలు, సర్వర్ స్థాయి పెంచే బూస్టులు కొనాలి, అది సంగీతానికి తేడా చూపిస్తుంది గానీ "రివైవ్ రివైవ్" అనే అరుపుకు చూపించదు. స్క్రీన్ షేర్ వేరే సంగతి, అది వీడియో. మొబైల్ డేటా మీద పెట్టుకోకపోవడమే మంచిది.

హైదరాబాద్, డాలస్ కలిసి ఆడే గ్రూపులు ఒకటి గమనించాలి. వాయిస్ రీజియన్ 'ఆటోమేటిక్' మీద ఉంటే సాధారణంగా గదిలోకి ముందు వచ్చినవాళ్లకు దగ్గరి సర్వర్ దొరుకుతుంది. డాలస్ అతను ముందు చేరితే, తర్వాత వచ్చిన ముగ్గురు హైదరాబాదీలు పక్కపక్క వీధుల్లో ఉన్నా వాళ్ల మాటలు అమెరికా వెళ్లి తిరిగొస్తాయి. ఛానెల్ సెట్టింగుల్లో 'రీజియన్ ఓవర్‌రైడ్' దగ్గర ఇండియా అని బిగిస్తే ఆలస్యమంతా ఒక్కడి వంతుకే పోతుంది. న్యాయమా అంటే, లెక్క ప్రకారం న్యాయమే.

తాళంచెవులు ఎవరి దగ్గర

స్నేహంతో అడ్మిన్ హోదా ఇవ్వడం కొత్త సర్వర్లలో అన్నిటికంటే ఖరీదైన పొరపాటు. 'అడ్మినిస్ట్రేటర్' అనే అనుమతి ఒక్కటి ఇస్తే ఛానెళ్ల మీద పెట్టుకున్న కట్టడులన్నీ అతనికి చెల్లవు. ప్రతి గది చూడగలడు, ఛానెళ్లు చెరపగలడు, తనకంటే కింది హోదావాళ్లనందరినీ బహిష్కరించగలడు. అతను మంచివాడే కావచ్చు. అతని అకౌంట్ దొంగల చేతికి చిక్కిన రోజు మాత్రం ఆ పనులన్నీ దొంగ చేస్తాడు.

సర్వర్‌లో క్రమశిక్షణ చూసే మోడరేటర్‌కు నిజంగా కావలసినవి నాలుగే: ఇతరుల మెసేజ్‌లు తీసేయడం, టైమౌట్ ఇవ్వడం (కొంతసేపు నోరు మూయించడం), వాయిస్‌లో మ్యూట్ చేయడం, గది మార్చడం. కిక్ (బయటికి పంపడం), బ్యాన్ (మళ్లీ రాకుండా చేయడం) తర్వాత చూసుకోవచ్చు. ముప్పై నలభై మందికి ఇద్దరు మోడరేటర్లు చాలు, ఇద్దరూ ఒకే వేళలో మేలుకుని ఉండేవాళ్లు కాకపోతే చాలు. మోడరేటర్లకు రెండంచెల లాగిన్ తప్పనిసరి చేసే మీట సేఫ్టీ సెట్టింగుల్లో ఉంటుంది. ఎవరు ఏం చేశారో ఆడిట్ లాగ్‌లో 45 రోజులు నిలిచి ఉంటుంది, తగాదా వచ్చినప్పుడు నోటి మాటల కంటే అది నయం.

రోల్స్ విషయంలో కొత్తవాళ్లు జుట్టు పీక్కునేది రెండు చోట్ల. మొదటిది వరుస. రోల్స్ జాబితాలో పై మెట్టు మీద ఉన్నవాడే కింది మెట్టు వాడిని ఏమైనా చేయగలడు, సమాన మెట్టు మీద ఉన్నవాడి జోలికి పోలేడు. బాట్‌లకూ ఇదే సూత్రం. 'సభ్యుడు' అనే రోల్‌ను కొత్తవాళ్లకు ఇచ్చే పని బాట్‌కు అప్పగించి, బాట్ రోల్‌ను దానికంటే కింద వదిలేస్తే ఏమీ జరగదు. బాట్ పాడైందనుకుని తీసేసి మళ్లీ తెచ్చుకుంటారు, అది మళ్లీ అడుగునే వచ్చి కూర్చుంటుంది. జాబితాలో పట్టుకుని పైకి లాగితే ఐదు సెకన్ల పని.

రెండోది ఇంకాస్త మెలిక ఉన్నది. గొడవ చేసేవాళ్ల కోసం 'నోరుమూత' అని ఒక రోల్ చేసి, ముచ్చట్ల ఛానెల్‌లో ఆ రోల్‌కు మెసేజ్ పంపే అనుమతి దగ్గర ఎర్ర గుర్తు పెడతారు. అదే ఛానెల్‌లో 'సభ్యుడు' రోల్‌కు పచ్చ గుర్తు ఉంటుంది. రెండు రోల్సూ ఉన్నవాడు నోరు మూశాడా? లేదు, హాయిగా రాస్తూనే ఉంటాడు. ఒకే ఛానెల్‌లో ఒక రోల్ కాదని, ఇంకో రోల్ అవునని చెబితే అవునన్నదే నెగ్గుతుంది. నోరుమూతను జాబితాలో ఎంత పైకి లాగినా ఈ లెక్క మారదు. సభ్యుడి పచ్చ గుర్తును తటస్థంగా మార్చి, పంపే అనుమతిని మొత్తం సర్వర్ స్థాయిలో ఉంచుకుంటే పనిచేస్తుంది. అంత కంటే తేలిక, రోల్ ఊసే లేకుండా టైమౌట్ వాడటం: 60 సెకన్ల నుంచి వారం దాకా, వాడు చూడగలడు గానీ రాయలేడు, మాట్లాడలేడు. అడ్మినిస్ట్రేటర్ అనుమతి ఉన్నవాడికి టైమౌట్ పనిచేయదు, ఆ హోదా విచ్చలవిడిగా పంచకూడదనడానికి ఇది ఇంకో కారణం. ఏ మార్పు చేసినా 'వ్యూ సర్వర్ యాజ్ రోల్' నొక్కి మామూలు సభ్యుడికి ఏం కనిపిస్తోందో ఒకసారి చూసుకోవాలి.

అందరినీ ఒకేసారి పిలిచే 'ఎవ్రీవన్' మెన్షన్ మామూలు సభ్యులకు తెరిచి ఉందేమో చూసి మూసేయాలి. గదిలో చిన్న శబ్దాలు వినిపించే సౌండ్‌బోర్డ్‌ను కూడా. చివరి సర్కిల్‌లో కప్ప అరుపు వినిపించినప్పుడు నవ్వొచ్చేది ఒక్కసారే.

ఆహ్వానాలు, బూతులు

ఆహ్వాన లింకు మామూలుగా 7 రోజులకు చెల్లకుండా పోతుంది. యూట్యూబ్ వీడియో కింద లింకు పెట్టి, "ఎవరూ చేరడం లేదేంటి" అని నెల తర్వాత వాపోయేవాళ్లు గమనించనిది ఇదే. గడువు 'నెవర్' అని మార్చాలి. ఒక్కో చోటికి ఒక్కో లింకు చేస్తే ఎక్కడి నుంచి ఎందరు వచ్చారో కూడా లెక్క తెలుస్తుంది. బయట పెట్టే లింకు అయితే వెరిఫికేషన్ స్థాయిని 'హై'కి పెంచాలి, అప్పుడు సర్వర్‌లో చేరిన 10 నిమిషాల దాకా కొత్తవాడు రాయలేడు. గొడవకోసమే వచ్చే గుంపుకు ఆ ఓపిక ఉండదు. ఒకేసారి వందమంది ఊడిపడితే ఆహ్వానాలను కొంతసేపు ఆపేసే మీట కూడా ఉంది.

బూతుల కట్టడికి 2022 నుంచి ఆటోమాడ్ అనే వడపోత సర్వర్‌లోనే ఉంది, బాట్ అక్కర్లేదు. అయితే అందులో సిద్ధంగా వచ్చే జాబితాలు మన తిట్లను పట్టుకోవు. తెలుగు తిట్టును మనవాళ్లు రాసేది ఎక్కువగా ఇంగ్లిష్ అక్షరాల్లో, ఒక్కొక్కరు ఒక్కో వర్ణక్రమంలో. 'వెధవ' లాంటి చిన్న మాటకే మొదట 'వి' రాసేవాళ్లు, 'వై' రాసేవాళ్లు, మధ్యలో 'డి' పక్కన 'హెచ్' పెట్టేవాళ్లు, పెట్టనివాళ్లు. అక్కడికే నాలుగు రూపాలు. తెలుగు లిపితో ఐదు. ప్రతి తిట్టుకూ ఇలా రూపాలన్నీ చేర్చుకుంటూ పోవాలి. ఒక నియమంలో 1,000 మాటలు పడతాయి కాబట్టి చోటుకు లోటు లేదు.

మాటకు ముందో వెనకో నక్షత్రం గుర్తు పెడితే దానితో కలిసిన రూపాలన్నీ చిక్కుతాయి. విభక్తులు అతుక్కునే మన భాషకు అది అవసరమే, కానీ అక్కడే బోల్తా పడతారు. 'దున్నపోతు'ను ఆపుదామని 'దున్న' వెనక నక్షత్రం పెట్టారనుకుందాం. ఆ రాత్రి ఎవడో ఒంటరిగా నలుగురిని పడగొడతాడు. "దున్నేశాడు మామా!" అని పది మంది రాస్తారు. పదీ ఆగిపోతాయి, మెచ్చుకున్న పది మందికీ హెచ్చరికలు వెళ్తాయి. అందుకే మొదటి వారం ఆటోమాడ్‌ను ఆపే పనికి పెట్టకుండా, దొరికిన వాటిని నిర్వాహకుల గదికి పంపే పనికి మాత్రమే పెట్టాలి. ఏవి అన్యాయంగా చిక్కుతున్నాయో చూసి జాబితా సరిచేశాక ఆపడం మొదలుపెట్టవచ్చు. 'ఒరేయ్', 'మామా' లాంటివి తిట్లా, చనువా అన్నది యంత్రం తేల్చలేదు. ఎవరు ఎవరితో అన్నారన్నదే అక్కడ లెక్క.

డబ్బు, దొంగలు

దొంగతనాలు మూడు దారుల్లో వస్తాయి. నైట్రో (డిస్కార్డ్‌లో డబ్బు కట్టే సభ్యత్వం) ఉచితం అనే లింకు పాతది. "వెరిఫై చేసుకోవడానికి ఈ క్యూఆర్ స్కాన్ చెయ్" అనేది అంతకంటే ప్రమాదం. డిస్కార్డ్ యాప్‌తో స్కాన్ చేసి ఒప్పుకుంటే అవతలివాడి కంప్యూటర్‌లో ఇవతలివాడి అకౌంట్ తెరుచుకుంటుంది. మూడోది స్నేహితుడి పేరుతోనే వస్తుంది: "నేనొక గేమ్ చేస్తున్నా, ఆడి ఎలా ఉందో చెప్పు." ఫైలు నడిపితే లాగిన్ టోకెన్ (లాగిన్ అయి ఉన్నట్టు చూపే రహస్య కోడ్) పోతుంది. టోకెన్ ఉన్నవాడికి పాస్‌వర్డ్ అక్కర్లేదు, రెండంచెల కోడూ అక్కర్లేదు. వెంటనే పాస్‌వర్డ్ మార్చాలి, అప్పుడు పాత టోకెన్లన్నీ చెల్లకుండా పోతాయి. అంతకు ముందు ఆ ఫైలు కూర్చున్న కంప్యూటర్‌ను శుభ్రం చేయాలి, లేదంటే కొత్త టోకెన్ కూడా పోతుంది. చౌకగా యూసీ (బీజీఎంఐలో కొనుక్కునే ఆట డబ్బు) ఇస్తామనేవాళ్లను, గేమ్ ఐడీలు అమ్మేవాళ్లను సర్వర్‌లో ఉండనివ్వకపోవడమే మంచిది. మోసపోయిన సభ్యుడు వచ్చి అడిగేది నిర్వాహకుడినే.

2024 నుంచి డిస్కార్డ్ వాయిస్, వీడియో కాల్స్‌కు ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ (కాల్‌లో ఉన్నవాళ్లు తప్ప ఎవరూ వినలేని ఏర్పాటు) వచ్చింది, రాసే మెసేజ్‌లకు లేదు. యూపీఐ స్క్రీన్‌షాట్లు, ఆధార్ ఫొటోలు ఛానెళ్లలో పడకుండా చూడాలి.

సొంతంగా పెట్టుకునే కస్టమ్ రూములకు ఎంట్రీ ఫీజు వసూలు చేసి గెలిచినవాడికి పంచడం చాలా గ్రూపుల్లో అలవాటు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల మీద తెలంగాణ 2017లోనే, ఆంధ్రప్రదేశ్ 2020లో చట్టం బిగించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం నైపుణ్యమా, అదృష్టమా అన్న తేడా లేకుండా డబ్బు పెట్టి డబ్బు గెలిచే ఆటలను నిషేధించింది. ఈ-స్పోర్ట్స్‌ను విడిగా గుర్తించింది నిజమే, కానీ యూపీఐలో ఇరవై రూపాయల చొప్పున పోగేసే రూము తనను తాను ఈ-స్పోర్ట్స్ అని పిలుచుకుంటే సరిపోదు. కొత్త గ్రూపు ఫీజు జోలికి పోకపోతే పోయేదేమీ లేదు.

జనం నిలిచేది ఎలా

క్లిప్పుల గదిలో మొదటి వారమే "ఫైల్ టూ లార్జ్" ఫిర్యాదు వస్తుంది. ఉచిత అకౌంట్‌కు హద్దు 10 ఎంబీ. సెకనుకు 8 మెగాబిట్ల చొప్పున రికార్డయిన వీడియో సెకనుకు ఒక ఎంబీ తింటుంది, అంటే పది సెకన్లే. 720పీకి తగ్గించి బిట్‌రేట్ సగం చేస్తే ఇరవై సెకన్లు పడుతుంది, ఒంటరిగా మ్యాచ్ గెలిపించే ఒక క్లచ్‌కు అది చాలు. అంతకంటే పెద్దవి యూట్యూబ్‌లో అన్‌లిస్టెడ్‌గా పెట్టి లింకు ఇవ్వాలి.

నలభై మంది ఉన్న సర్వర్‌లో ఒకే రాత్రి ఆన్‌లైన్ ఉండేది ఎనిమిది మందో పది మందో. వాళ్లు ఆరు వేళల్లో చెల్లాచెదురుగా వస్తే వచ్చిన ప్రతివాడికీ ఖాళీ అరుగే కనిపిస్తుంది, రెండుసార్లు చూసి మూడోసారి రాడు. అందుకే వారంలో రెండు రాత్రులు, ఒకే గంట, మార్చకుండా పెట్టుకోవాలి, ఆ గంటకు నిర్వాహకుల్లో ఒకరు ఐదు నిమిషాల ముందే లాబీలో కూర్చోవాలి. వేళను ప్రకటనలో రాసి వదిలేయకుండా 'ఈవెంట్'గా పెడితే ఎవరి ఊరి గడియారం ప్రకారం వాళ్లకు కనిపిస్తుంది. ఇక్కడ రాత్రి 9 అంటే డాలస్‌లో వేసవిలో ఉదయం 10:30, చలికాలంలో 9:30. అక్కడివాళ్లకు పని దినాల్లో కుదరదు, కాబట్టి ఆ రెండు రాత్రుల్లో ఒకటి శనివారం కావాలి. నవంబరు మొదటి ఆదివారం అమెరికా గడియారాలు గంట వెనక్కి జరుగుతాయి. ఆ వారం డాలస్ అతను తొమ్మిదిన్నరకు చూసుకోకుండా పాత అలవాటున పదిన్నరకు వస్తే స్క్వాడ్ గదిలో 4/4 అని కనిపిస్తుంది.